ఎత్తుకున్నది ఎవరో

“ప్రార్థన మధ్యలో ఆగిపోతున్నానండీ మాస్టారూ. తర్వాతి మాట ఎంతకీ నోటికి రాదు,” అందామె చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంటూ.

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. ముప్పై ఏళ్ళు దైవశాస్త్రం చెప్పిన మనిషి. ఎవరైనా సందేహంతో వస్తే ఇప్పటికీ కుర్చీలో నిటారుగా కూర్చుంటారు.

“ఎన్నాళ్ళ నుంచమ్మా?”

“ఏడాది దాటింది. తగ్గే జబ్బు కాదన్నారు డాక్టరు. మొదట మనుషుల పేర్లు పోయాయి. ఇప్పుడు వాక్యాలు పోతున్నాయి. రేపు ప్రభువు పేరు కూడా మర్చిపోతే?” ఆమె గొంతు తగ్గింది. “విశ్వాసం వల్లే రక్షణ అంటారు కదా. ఎవరిని నమ్మానో గుర్తులేనప్పుడు ఇంక నమ్మకమెక్కడిది? నన్ను వదిలేస్తాడేమోనండీ.”

మాస్టారు లేచి కిటికీ రెక్క తీశారు. వచ్చి కుర్చీ ఆమెకు దగ్గరగా జరుపుకున్నారు.

“నాకో కూతురుంది. ఐదేళ్ళప్పుడు దానికి ఒళ్ళు పేలిపోయే జ్వరం. ఆ రోజు బస్సులు లేవు. భుజాన వేసుకుని ఆసుపత్రికి నడిచాను. దారంతా పలవరింతలే. ‘నాన్న కావాలి, నాన్న దగ్గరికి తీసుకెళ్ళు’ అని నన్నే బతిమాలింది. ఎత్తుకున్నది ఎవరో దానికి తెలీదు.”

ఆమె తల వంచుకుని వింటోంది.

“గుర్తుపట్టలేదని దాన్ని దారిలో దించేశానా?”

“లేదండీ.”

“ఇంకా గట్టిగా పట్టుకున్నాను. మామూలప్పుడైతే అదీ నా మెడ చుట్టూ చేతులేసేది. ఆ రోజు పట్టు మొత్తం నాదే. కృప అంటే అదేనమ్మా. నువ్వు ఆయన్ని మర్చిపోవచ్చు. ఆయన నిన్ను మర్చిపోడు. నాలాంటి పంతుళ్ళు విశ్వాసమంతా మన తలకాయలోనే ఉందనుకుంటాం గానీ...” అని తనలో తనే నవ్వుకున్నారు.

“మీకైతే భయం ఉండదా మాస్టారూ?”

“నాకెందుకు భయం?” అంటూ ఆయన హాయిగా వెనక్కి వాలారు. కాసేపటికే కళ్ళు మూతలు పడ్డాయి.

ఆమె చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వంటింట్లోకి వచ్చింది. వంటావిడ టీ వడపోస్తూ అడిగింది.

“ఇప్పుడు నయమేనా అమ్మా? పొద్దున్నంతా ఒకటే ఏడుపు.”

“నయమే. ఆ భయం పోయింది.”

“రేపు మళ్ళీ మొదటికొస్తుందేమో.”

“వస్తే రేపు మళ్ళీ అడుగుతాను. ఆ జవాబు ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు,” అంటూ ఆమె టీ అందుకుంది.

జబ్బు ఆమెది కాదు, గదిలో నిద్రపోతున్న మాస్టారిది, ఆమె తండ్రిది. పొద్దున ఆయన ఏడ్చిన భయాన్నే ఆమె తనదిగా చెప్పుకుని అడిగింది.