షూచిన్ వండిన బీన్స్

"షూచిన్ వచ్చి బీన్స్ వేయించి పెట్టేదాకా నేను మెతుకు ముట్టను."

అమ్మమ్మ గంజి గిన్నెను పక్కకి నెట్టేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక నిన్నా ఇదే మాట, ఇవాళా ఇదే మాట.

యాలీ గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చింది. వెనకే గ్వోపింగ్ మామయ్య వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"నువ్వే వండు. మీ అమ్మ వండిందని చెబుదాం," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎప్పుడొచ్చిందని అడిగితే?"

"మధ్యాహ్నం బస్సుకి వచ్చింది. అమ్మమ్మ నిద్రపోతోందని లేపలేదు. వండిపెట్టి మళ్లీ బస్సెక్కింది. అంతే."

"నాకు అబద్ధాలు రావు మామయ్యా."

"రాకపోతే నేర్చుకో. గుండె కోసి కుట్టి పంపించారు. కూతురు పోయిందని వింటే ఆ కుట్లు ఆగుతాయా?"

యాలీ వాళ్లమ్మ షూచిన్ సంతకి వెళుతూ లారీ కింద పడి నెల దాటింది. అమ్మమ్మ ఆస్పత్రిలో ఉండగానే అన్నీ అయిపోయాయి. షూచిన్‌కి చెంగ్డూ పట్నంలో హోటల్ పని దొరికిందని, సెలవివ్వడం లేదని అమ్మమ్మకి చెప్పారు. జబ్బుతో ఉన్న ముసలివాళ్ల చెవిన అలాంటి కబురు వేయరు. ఊళ్లో అందరూ నోరు కట్టుకునే తిరుగుతున్నారు.

యాలీ బీన్స్ ఈనెలు తీసి, కత్తి పెట్టకుండా చేత్తోనే విరిచింది. అమ్మ అలాగే చేసేది. కడిగి, గుడ్డ మీద పరిచి, తడి లేకుండా ఒత్తింది. ఇనప మూకుట్లో నూనె కాగాక వేసి కలపసాగింది. పచ్చిదనం మిగిలితే బీన్స్ కడుపులో విషం. తొక్క మీద మచ్చలు లేచి, ముసలమ్మ బుగ్గల్లా ముడతలు పడేదాకా వేగాలి.

నూనెలో ఏదో చుక్క పడి చిటపటమంది.

"తడి సరిగ్గా తుడవలేదా?" అన్నాడు మామయ్య.

"తుడిచాను," అంది యాలీ, మోచేత్తో ముఖం రుద్దుకుంటూ.

వేగిన బీన్స్ పక్కకి తీసి, అదే మూకుట్లో పంది కైమా, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, నాలుక తిమ్మిరెక్కించే మిరియాలు వేసింది. ఉప్పులో ఊరబెట్టిన ఆవ మొక్క కాడల తరుగు ఇంత చల్లి, బీన్స్ మళ్లీ వేసి కలిపింది. ఘాటుకి మామయ్య దగ్గాడు.

అమ్మమ్మ ఓ కునుకు తీశాక యాలీ అన్నం గిన్నె, బీన్స్ కంచం తీసుకెళ్లింది. చూడగానే అమ్మమ్మ లేచి కూర్చుంది.

"వచ్చిందా?"

"వచ్చి వెళ్లిందమ్మా," అన్నాడు మామయ్య. "బస్సు టైమైపోయింది."

"నన్ను లేపకుండానే?"

మామయ్య యాలీ వైపు చూశాడు.

"నువ్వు మంచి నిద్రలో ఉన్నావు అమ్మమ్మా. కాసేపు నీ పక్కనే కూర్చుంది. నీ కాళ్ల మీద దుప్పటి సర్ది వెళ్లింది."

అమ్మమ్మ దుప్పటి అంచు పట్టుకుని చూసింది. "కాస్త లావెక్కిందా?"

"ఎక్కింది."

"మంచిది. ఇక్కడ ఉన్నన్నాళ్లూ పుల్లలా ఉండేది."

అన్నం తినే రెండు పుల్లలతో ఒక బీన్స్ ముక్క పట్టి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మరో ముక్క తీసింది. అంతలో ఆమె దవడ కదలడం ఆగిపోయింది.

"ఉప్పు సరిపోయిందే!"

"బాగాలేదా అమ్మమ్మా?"

"బాగుంది. అదే అంటున్నా. నీ తల్లి ఏనాడైనా ఉప్పు సరిగ్గా వేసిందా? దాని కూర తింటే కుండెడు నీళ్లు తాగాలి."

మామయ్య గబుక్కున అందుకున్నాడు.

"హోటల్లో నేర్పారమ్మా. అక్కడ ఉప్పెక్కువైతే యజమాని ఊరుకుంటాడా? తిట్టి పంపించేస్తాడు."

"పరాయివాళ్లు తిడితే నేర్చుకుందన్నమాట! నేను తిడితే మాత్రం మూతి ముడుచుకుని రెండు రోజులు మాట్లాడేది కాదు."

అమ్మమ్మ నవ్వింది. మామయ్య కూడా నవ్వాడు, అవసరమైన దానికంటే కొంచెం గట్టిగానే. అమ్మమ్మ మరేమీ అడగలేదు. అన్నంతో పాటు బీన్స్ ఒక్కొక్కటే తీసుకుని, నింపాదిగా తిన్నది. గిన్నె అడుగున అంటిన మెతుకులు కూడా వదల్లేదు. ఆమె మింగిన ప్రతి ముద్దకీ యాలీ ఊపిరి కాస్త తేలికపడింది.

"ఇంకో గిన్నె తేవే, పెద్దది," అంది అమ్మమ్మ.

"ఇంకా తింటావా?"

"నాకు కాదు, మీ అమ్మకి. అందరికీ వండిపెట్టి తాను తినకుండా పరిగెత్తడం దానికి చిన్నప్పట్నుంచీ అలవాటు. ఆకలితోనే బస్సెక్కి ఉంటుంది."

మామయ్య యాలీ వైపు చూసి మెల్లగా తలూపాడు. నమ్మేసిందన్న సంతోషం అతని ముఖంలో దాగలేదు. యాలీ పరుగున వెళ్లి పెద్ద గిన్నె, అన్నం కుండ తెచ్చింది.

అమ్మమ్మ గిన్నెలో అన్నం గుట్టగా పెట్టింది. మిగిలిన బీన్స్ అన్నీ దాని మీద పేర్చింది. కైమా పలుకులు కూడా ఊడ్చి వేసింది.

తర్వాత రెండు పుల్లలు తీసుకుని, బతికున్నవాళ్లకి పెట్టినట్టు గిన్నె పక్కన పెట్టకుండా, పోయినవాళ్లకి పెట్టే కూట్లో గుచ్చినట్టు ఆ అన్నం మధ్యలో నిటారుగా గుచ్చింది.