సంచిలో మిగిలిన వస్తువు

తల్లి చచ్చిన నాడు బిడ్డ రాలేదు. మొండయ్యకు అది ఏనాడో తేలిపోయిన సంగతి. ఏడాది కావస్తున్నా అందులో మారిందేమీ లేదు.

“సోమవారం ఒక్కరోజు వచ్చిపోతనంటున్నది కాకా,” అంది జేబా.

“వద్దన్న.”

జేబా బాలవ్వ ఫోటోను స్కానర్‌లో పెట్టింది. సిరిసిల్ల బస్టాండు దగ్గర ఆమెది జిరాక్సు దుకాణం. సోమవారం సంవత్సరీకం. భార్య ఫోటో పెద్దది చేయించుకుందామని మొండయ్య వచ్చాడు. జేబా తన కూతురు మనీషాతో చదువుకున్న పిల్ల అని తెలిసే వచ్చాడు. వేరే దుకాణాల వాళ్లు మొహానికి తెలుపు పూసి ఎవరో తెలియకుండా చేస్తారు.

“మూడుసార్లు ఫోన్ కొట్టిన. ఎత్తలె,” అన్నాడు. “కోరుట్ల ఎంత దూరం? వేములవాడ మీదికెళ్లి రెండు గంటల తొవ్వ.”

“నేను గప్పుడు జగిత్యాలల ఉంటి. నాకు తెలిస్తే నేనే చెప్పకపోదునా.”

“నువ్వెందుకు చెప్పుడు? చుట్టాలకు మా దాయాదులు, పాలోళ్లు చెప్పిన్రు. బిడ్డకు నేనే చెప్త అని అందరి ముందర అన్న.”

“మిషిన్ వేడెక్కాలె కాకా. జరసేపు గీడ కూసో.”

కూర్చున్నాక ఆమె కంప్యూటరును అతని వైపు తిప్పింది. తెర మీద పెంకుటిల్లు. గోడకు గడియారం, మూలన నూలు కండెలు చుట్టే రాట్నం, దండెం మీద తన తువ్వాలే.

“ఇదేంది, మా ఇల్లా?”

“మనీషా చేసిన ఆట. మౌసు కదిపి ఏ వస్తువు మీదనన్న ఒత్తు. గంతే.”

“నా ఇంట్ల నాకు ఆటేంది?”

“పందెం కాకా. గెలిస్తే మల్లెప్పుడు నీ ముందట మనీషా పేరెత్తను. ఓడితే సోమవారం వస్తది.”

ముప్పై ఏళ్లు సాంచాలు నడిపినవాడు. నాలుగు మరమగ్గాల మీద ఎక్కడ పోగు తెగినా చప్పుడును బట్టే పట్టేవాడు. తన ఇంట్లో తాను ఓడిపోతాడా? మౌసు మీద చెయ్యి వేశాడు.

“కాల్చుడు, నరుకుడు ఉంటదా?”

“గీ ఆటల గవేం ఉండయి. తొందర లేదు, సావు లేదు. ఒక్కొక్కటి ముట్టుకుంట పో. ముట్టుకున్నదల్లా ఏదో ఒకటి చెప్తది. అక్కరకొచ్చేది సంచిల పడ్తది.”

“సావు లేని ఇల్లు. మంచిగనే కట్టింది.”

గడియారం మీద ఒత్తాడు. కింద అక్షరాలు పడ్డాయి: ‘పది నిమిషాలు ముందుంటది. బాపుకు పనికి ఆలస్యం కావద్దని అవ్వ తిప్పిపెట్టింది.’

ఇన్నేళ్లూ అతనికి ఆ సంగతి తెలియదు. మొహం తిప్పకుండా ముందుకు పోయాడు.

పెట్టెకు తాళం వేసి ఉంది. మొండయ్య వెతకలేదు. నేరుగా కండెల గంపలోకి వెళ్లి, తెల్లవాటి అడుగున ఉన్న ఎర్ర నూలు కండె తీశాడు. నూలు విప్పితే లోపల తాళంచెవి.

“ఆడినోళ్లందరు గీడనే ఆగిపోయిన్రు,” అంది జేబా. “మధుకర్ గూడ.”

తనను అడగకుండా కూతురు చేసుకున్న మొగుడి పేరు వినగానే మొండయ్య మూతి బిగించాడు. “వానికేమెరుక. కండెల చెవి పెట్టి నూలు చుట్టేది మా ఆమె ఒక్కతే.”

పెట్టెలోవి, దారిలో ముట్టుకున్నవి సంచిలో పడ్డాయి. ఇక మిగిలింది లోపలి గది. దాని ముందు మంచం మీద ఒక ముసలివాడు కూర్చుని ఉన్నాడు, దట్టమైన కనుబొమలతో.

“ఈయనకు కావల్సిందిస్తే తలుపు తెరుసుకుంటది,” అంది జేబా. “ ఆట అయిపోతది.”

మొండయ్య చాయ గ్లాసు ఇచ్చాడు. ‘సల్లగైంది’ అన్నాడు ముసలివాడు. తలుపు కదల్లేదు. అగ్గిపెట్టె ఇచ్చాడు. ‘బీడీ మానేసిన.’ ఎర్ర కండె ఇచ్చాడు. ‘ఆడ పెట్టు.’

“ఏం మనిషి గీయన.”

“ఎవరిని చూసి చేసిందో,” జేబా నవ్వు ఆపుకుంది.

సంచిలో ఫోనొక్కటే మిగిలింది. బాలవ్వ బొత్తాల ఫోను. మూత ఊడకుండా వేసిన రబ్బరు బ్యాండుతో సహా దింపింది మనీషా. మొండయ్య వేలు ఆగింది.

“అదిచ్చి చూడు కాకా. గీ ఆటల పద్ధతే గది. పనికిరానిది సంచిల పెట్టరు.”

“దీన్నెందుకు పెట్టింది?”

జేబా గొంతు తగ్గించింది. “నీ మూడు ఫోన్లు మనీషాకు అందలె. తన ఫోనే చెడిపోయిందని తిట్టుకుంట దాన్ని మోరీల పారేసింది. గీ ఆటల ముసలాయన ఫోన్ కొడితే బిడ్డ మొదటి మోతకే ఎత్తుతది. ‘వస్తున్న బాపు’ అంటది. గా ఒక్క మాట కోసం ఆర్నెల్లు కూసుండి ఆటంత చేసింది.”

మొండయ్య తెరను చాలాసేపు చూశాడు. ముసలివాడు కూడా అతన్నే చూస్తున్నాడు. మిషన్‌లోంచి బాలవ్వ ఫోటో వేడివేడిగా బయటికి వచ్చింది.

అతను మౌసు వదిలేశాడు. “ఓడిపోయిన.”

“ఒక్క ఒత్తుడే కాకా.”

“ఓడిపోయిన అన్న గద. రమ్మను.”

జేబా చున్నీ కొసతో కళ్లు ఒత్తుకుంది. “మాఫ్ చేసినవ్. నీది పెద్ద మనసు కాకా.”

“ఒక్క మాట. గా ఫోన్ల ముచ్చట నా ఇంట్ల తియ్యద్దు. ఆమె తియ్యద్దు, నువ్వు తియ్యద్దు. సచ్చేదాక నేను గూడ తియ్య.”

ఫోటోను తువ్వాలలో చుట్టుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు.

బాలవ్వ చచ్చిన నాడు అతను కోరుట్లకు ఫోన్ చేయనేలేదు.