కోడి బొక్కల రాకాసిబల్లి

సామ్యూల్ బిడ్డ ఇంట్లో రాకాసిబల్లిని నిలబెట్టిందని, అప్పటినుంచి సామ్యూల్ తల ఎత్తుకోలేకపోతున్నాడని పక్కింటి లచ్చవ్వ నల్లా కాడ చెప్పిందట.

"కోడికి తాత గా రాకాసిబల్లేనట! గా పోరే అంటుంది. సంఘపెద్ద బిడ్డ అనేటి మాటేనా గది?" అని కూడా అందట.

ఆ మాట శ్రీరాంపూర్ కాలనీలో గల్లీలన్నీ తిరిగి సామ్యూల్ భార్య వినోద చెవిన పడింది. వినోదకు నవ్వొచ్చింది. మొగుడి మొహం చూసి ఆపుకుంది.

సామ్యూల్ బొగ్గుబాయిలో పనిచేస్తాడు. చర్చిలో ఆయన మాట్లాడటానికి లేస్తే మిగతావాళ్లు మాటలాపి కూర్చుంటారు. అలాంటి మనిషి సొంత ఇంట్లో ముందుగదిలోకి రావడానికి జంకుతున్నాడు. అక్కడ కిటికీ కింద, చెక్కపలక మీద, కూతురు ఆరాధన చేసిన అస్థిపంజరం ఉంది.

ఆరాధన డిగ్రీలో జువాలజీ చదువుతోంది. కోడి ఎముకలను ఉడకబెట్టి, సర్ఫు నీళ్లలో నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి, ఎండబెట్టి, సన్న తీగతో కూర్చింది. రెండు కాళ్ల మీద పరుగెత్తే మాంసాహారి డైనోసార్ లేచి నిలబడింది. కోడి తోక మరీ పొట్టి కనుక మెడపూసలు చేర్చి తోక పొడిగించింది. పళ్లున్న తలను మట్టితో చేసింది. మర్నాడే కరీంనగర్‌లో సైన్స్ నమూనాల పోటీ. గెలిస్తే హైదరాబాద్ తీసుకెళ్తారు. వాళ్ల కాలేజీ నుంచి ఎంపికైంది ఇదొక్కటే.

"పోవద్దు" అన్నాడు సామ్యూల్.

"ఎందుకు బాపూ?"

"దేవుడు అయిదో దినంనాడు పక్షుల్ని చేసిండు. బల్లికి రెక్కలు మొలిచి కోడైందని నా బిడ్డ నలుగుట్ల చెప్పుడేంది? ఇజ్జత్ పోతది."

"బల్లి కాదు బాపూ. ఇగో, గీ కాలికి ముందట మూడు వేళ్లు చూడు. లోపల బోలుగున్న గీ బొక్క చూడు. రొమ్ము ముంగట రెండు పాయలుగున్న గీ బొక్క గా డైనోసార్లకు సుత ఉండె."

సామ్యూల్ చూడలేదు. గోడ వైపు తిరిగాడు.

"గా బొక్కలు నా కండ్ల ముంగట పెట్టకు."

కాసేపటికి ఆయనే గొంతు తగ్గించాడు. "చార్టు మీద బొమ్మ గీసుకొని పో బిడ్డా. కాదంటే ప్లాస్టిక్‌ది కొనిస్త. ఇయి మాత్రం గడప దాటనియ్యకు."

"బొమ్మ చూసి హైదరాబాద్ ఎవలు తీస్కపోతరు బాపూ?"

ఆ సాయంత్రం వాళ్లింట్లోనే కాటేజీ ప్రేయర్. ఈస్టరుకు ముందు వచ్చే లెంటు ఉపవాస దినాలు కదా, పూటకొక ఇంట్లో ప్రార్థన. మనుషులు రాకముందే సామ్యూల్ అస్థిపంజరం మీద దుప్పటి కప్పాడు. ప్రార్థన జరిగినంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. పాట అందుకోమంటే పుస్తకం పక్కవాడి చేతిలో పెట్టాడు.

ప్రార్థన ముగిశాక పాస్టరు వెస్లీ అయ్యగారు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ లెంటుల సంఘమంత నీసు ముడ్తలేదంటే సామ్యూలన్న మాట మీదనే. పోరగాండ్లు సుత గుడ్డు అడుగుతలేరు. పెద్దమనిషంటే గిట్లుండాలె."

సామ్యూల్ ఇంకాస్త ముడుచుకుపోయాడు. దుప్పటి వైపు ఒకసారి చూసి చప్పున చూపు తిప్పేశాడు.

లచ్చవ్వ ఇక ఆగలేకపోయింది. "పెద్దమనిషి ఇంట్ల ఏమున్నదో జర చూడుండ్రి అయ్యగారూ!" అంటూ దుప్పటి లాగేసింది.

చాపల మీద కూర్చున్నవాళ్లంతా మెడలు సాచారు. అయ్యగారు అస్థిపంజరం ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వే చేసినవా బిడ్డా? చెప్పు, ఏందిది?"

ఆరాధన చెప్పింది. "గప్పట్ల గీటికి చేతులుండె అయ్యగారూ. మణికట్టు పక్కకు మడిచేటియి. గా మడిచిన తీరుగనే ఇయ్యాల కోడి రెక్క ముడుస్తది."

"అబ్బ!" అన్నాడు అయ్యగారు. లేచి సామ్యూల్ వైపు తిరిగాడు. "దేవుడు ఎట్ల చేసిండో పిల్ల సూసుకుంట పోతుంది. దీంట్ల తప్పేమున్నదన్నా? తోలియ్యి కరీంనగర్‌కు."

లచ్చవ్వ మొహం మాడింది. వినోద ఊపిరి పీల్చుకుంది.

"వద్దు అయ్యగారూ" అన్నాడు సామ్యూల్ నేల చూస్తూ. "నాకు సిగ్గైతుంది."

"సిగ్గెందుకన్నా? బిడ్డ గింత మంచిగ చేస్తే!"

సామ్యూల్ చెవులు ఎర్రబడ్డాయి.

అయ్యగారు నవ్వి, మళ్లీ వంగి, తొడ ఎముకను వేలితో తడిమాడు.

"అవుగని బిడ్డా, కాళ్లు, మెడలంటే చికెన్ సెంటరోడు ఊకెనే ఇస్తడు. తొడలు కత్తితోని ముక్కలు కొట్టే ఇస్తడు గద. గీ బొక్కలు ఒక్క గాటన్న లేకుండ నీకేడ దొరికినయి?"

"చాయ్ సల్లారుతది, తాగుండ్రి అయ్యగారూ" అన్నాడు సామ్యూల్, గబగబా.

ఆరాధన తండ్రి వైపు తిరిగింది.

"రేపు పోనా బాపూ?"

సామ్యూల్ దుప్పటి అందుకుని మళ్లీ ఎముకల మీద కప్పబోయాడు. ఆరాధన అది చూసి, అయ్యగారి వైపు తిరిగింది.

"లెంటు షురువైన కాన్నుంచి బాపు డ్యూటీ దిగి వచ్చేటప్పుడు దాబాల తందూరి తెచ్చుకొని, బాత్రూం ఎన్క దాసుకొని తిని పారేసిన బొక్కలే అయ్యగారూ."