పోని మెయిలు

"యాడయ్యా నా మెయిలు?"

జయరామప్ప బల్ల మీద గుద్దిన గుద్దుకు ఉపేంద్ర టీ కప్పు బోర్లా పడింది.

"సర్వర్లోనే ఆగిపోయింది సార్. బయటికి వెళ్ళట్లేదు. అదే చూస్తున్నాను."

"పొద్దున్నుంచీ అదే చూస్తా ఉండావు! పన్నెండు లోపల ప్యాకింగ్ లిస్టు అందకుంటే దుబాయి వాడు సరుకు వద్దంటాడు. రేపు తెల్లారితే ఓడ పోతుంది. మూడు లారీల మామిడి పల్పు నువ్వు తాగుతావా?"

టైము పదకొండుంపావు. 2009 జూలై. బర్గూరు రోడ్డులోని ఆ పల్పు ఫ్యాక్టరీకి జయరామప్ప యజమాని. కోపం వస్తే ఆయనకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసిపోతాయి. ఉపేంద్ర రాజమండ్రి నుంచి వచ్చి ఆరు నెలలైన కంప్యూటర్ మనిషి. లారీలేమో తొమ్మిదిన్నరకే చెన్నైకి బయలుదేరాయి.

"మేడ మీద మన కంప్యూటర్ ఉన్నంత కాలం మెయిళ్ళు బాగానే పోయినాయి. క్లౌడు, క్లౌడు అని నిన్న అంతా ఎత్తుకపోయి మబ్బుల్లో పెట్టినావు. పన్నెండైతే చూడు, నీ సంచి నేనే సర్ది బస్సెక్కిస్తాను."

"మామూలు మెయిల్లో పంపితే?" అన్నాడు ఉపేంద్ర, ఎగుమతి కాగితాలు చూసే భువన వైపు తిరిగి.

"కుదరదన్నా. మన సాఫ్ట్‌వేర్ నుంచి వస్తేనే వాళ్ళు తీసుకుంటారు."

ఉపేంద్ర సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీకి ఫోన్ చేశాడు. అయిదు నిమిషాలు ఇంగ్లీషులో బతిమాలాడు. ఫోన్ పెట్టేసరికి జయరామప్ప మీదికి వంగి ఉన్నాడు.

"ఏమంటాడు?"

"పోర్టు మూసేశారట సార్. అందుకే ఏదీ బయటికి పోవట్లేదు."

జయరామప్ప ముఖం పాలిపోయింది. "మూసేసినారా? ఎప్పుడు తెరుస్తారంట?"

"అర్జీ పెట్టుకోవాలి. మూడు రోజులు పడుతుందట."

"అయ్యో, మునిగిపోయినాం కదప్పా! వేరే దోవ లేదా?"

"ఇంకో పోర్టు తెరిచే ఉంది సార్. అందులోంచి పంపేయొచ్చు."

"నిజంగా?"

"నూటికి నూరు పాళ్ళు సార్."

జయరామప్ప సెల్లు తీసుకుని గబగబా వరండాలోకి వెళ్ళిపోయాడు. అద్దం అవతల చేతులు ఊపుతూ ఎవరి మీదో అరవడం మొదలుపెట్టాడు.

"ఎవురికో మూడింది. నిన్ను కాదులే, నీ పని కానీ అన్నా," అంది భువన.

ఉపేంద్ర మెయిలు సెట్టింగుల్లో పోర్టు నంబరు 25 చెరిపి 587 కొట్టాడు. పంపాడు. పాస్‌వర్డ్ తప్పంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పంది. ఛీ, నా బతుకు అనుకున్నాడు. క్యాప్స్ లాక్ వెలుగుతూ ఉండటం భువనే చూసింది.

పదకొండూ యాభై రెండుకు మెయిలు కదిలింది. పదకొండూ యాభై ఎనిమిదికి దుబాయి నుంచి జవాబొచ్చింది: అందింది, ఈ రాత్రికే చెన్నైలో సరుకు ఓడ ఎక్కించండి.

ఉపేంద్రకు ఏడుపు ఒక్కటే తక్కువ. అప్పుడే జయరామప్ప లోపలికి వచ్చాడు. ముఖంలో కోపం లేదు. ఆరు నెలల్లో మొదటిసారి ఉపేంద్ర భుజం మీద చెయ్యి వేశాడు.

"మెయిలు వెళ్ళిపోయింది సార్! నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగానికేమప్పా, రాజా మాదిరి ఉండు! పోర్టు మూసినారని సమయానికి చెప్పి కాపాడినావు. చెన్నైలో మన ఏజెంటు పోర్టు మూయలేదు, మూయలేదని ఒకటే అరుస్తా ఉంటే, వాడికి దొరక్కుండా సెల్లులు ఆపేసి తోలమని డ్రైవర్లకు చెప్పినాను. చెన్నై దోవలో ఆంబూరు కాడ తిరుక్కొని మూడు లారీలూ తూత్తుకుడి పోర్టు దోవ పట్టినాయి!"