ఏ శాఖ మనిషి?

ఫైలు ఆఖరి పేజీ తిప్పగానే కార్యదర్శి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

గళ్లన్నీ నిండాయి, ఒక్కటి తప్ప.

'సమన్వయకర్త పేరు, శాఖ.'

గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. పన్నెండింటికి పైనుంచి తనిఖీ బృందం వస్తుంది. ఒక్క గడి నింపకపోయినా ఫైలు చెల్లదని, ప్రాజెక్టు పక్క ప్రాంతానికి పోతుందని ఉత్తరంలో కింద గీత గీసి మరీ చెప్పారు.

ప్రాజెక్టంటే, కూరగాయలు ఏరి, ప్యాక్ చేసే పెద్ద షెడ్డు. పక్కనే కోల్డ్ స్టోరేజీ. మూడొందల మందికి పని. ఇంటికొకరు చొప్పున మూటాముల్లె సర్దుకుని నగరానికి పోతున్న ఆ పల్లెలకు అది చిన్న విషయం కాదు. అందుకే నాలుగు శాఖల్నీ కలిపి ఉమ్మడి అభివృద్ధి కమిటీ వేశారు, దాని బరువు ఈయన నెత్తిన పెట్టారు.

ఫైలంతా, ఏడు నెలలుగా కమిటీ పనులన్నీ చూస్తున్న మేడమే తయారుచేసింది. నిన్న సాయంత్రం తెచ్చి ఈ బల్ల మీదే పెట్టి వెళ్లింది. మరి ఈ గడి ఎందుకు వదిలేసినట్టు?

అడుగుదామంటే ఇవాళ రాలేదు. ఫోను స్విచాఫ్. ఏడు నెలల్లో ఆవిడ రాని రోజు ఇదొక్కటే.

కమిటీలో రోడ్లు, కరెంటు, నీళ్లు, మార్కెట్ శాఖలున్నాయి. నాలుగూ ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. తారు పోసిన రోడ్డును వారం తిరక్కుండా నీళ్లవాళ్లు తవ్వడం అక్కడ మామూలే. షెడ్డుకు గేటు రావాల్సిన చోట కరెంటు వాళ్లు స్తంభం పాతి, ముందొచ్చింది మేమే కాబట్టి మీ గేటే జరుపుకోండి అన్నారు.

అలాంటి వాళ్లను దారికి తెచ్చింది మేడమే. తెచ్చిన తీరు తలుచుకుంటే అంత కంగారులోనూ ఆయనకు నవ్వొచ్చింది. ఒక్కో ఆఫీసుకూ వెళ్లి, మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు సార్, మీ ఒక్కరి సంతకమే తరువాయి అనేదట. నలుగురితోనూ అదే మాట. నలుగురూ పరువుకు పోయి సంతకాలు పెట్టేశారు.

అంత పని చేసిన మనిషి పేరు ఆయనకు తెలియదు. అందరూ మేడం అనేవాళ్లు, ఆయనా అలాగే అన్నాడు. మార్కెట్ శాఖ మనిషని మాత్రం ఆయనకు గట్టి నమ్మకం.

అక్కడికే ఫోన్ చేశాడు.

"మీ మేడం ఇవాళ రాలేదేంటండీ? ఆవిడ పూర్తి పేరు కావాలి, అర్జెంటు."

"మా మేడమా? ఆవిడ నీళ్ల శాఖ కదండీ."

నీళ్ల శాఖను అడిగితే కరెంటు వాళ్ల మనిషంది. కరెంటు వాళ్లు రోడ్ల వైపు చూపించారు. రోడ్ల ఇంజినీరుకు ఆ ప్రశ్నే వింతగా తోచింది.

"ఆవిడ మీ సొంత ఆఫీసు మనిషే అనుకుంటున్నాం సార్, ఇన్నాళ్లూ."

పదకొండున్నరైంది. కార్యదర్శి చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

కొంపదీసి పక్క ప్రాంతం వాళ్లు పంపిన మనిషి కాదుగదా? ఏడు నెలలూ ఇక్కడి గుట్టంతా రాసుకుని పోయిందేమో. ఏదో ఒక పేరు రాసేద్దామని పెన్ను మూత తీశాడు. సమన్వయకర్తను పిలవండి, మాట్లాడాలి అని తనిఖీవాళ్లు అంటే ఎవర్ని చూపిస్తాడు? మళ్లీ మూత పెట్టేశాడు.

గేటు దగ్గరి వాచ్‌మన్‌ను పిలిపించాడు.

"మేడం ఎవరో నీకేమైనా తెలుసా?"

"తెలియకపోవడమేంటి సార్, రోజూ అన్నయ్యా అని పలకరించే మనిషి. పొద్దున్న ఆరింటి బస్సుకు నగరం వెళ్లిపోయింది."

"ఎప్పుడొస్తుంది?"

"ఇక రాదు సార్. అక్కడ కూరగాయలు ప్యాక్ చేసే షెడ్డులో చేరుతోందట. ఏడు నెలలుగా తన తమ్ముడింట్లోనే తింటోంది. మరదలు మాత్రం ఎన్నాళ్లని ఊరుకుంటుంది?"

"ఇంతకీ ఏ ఆఫీసావిడది?"

"ఏ ఆఫీసూ కాదు సార్."

ఆపైన చెప్పడానికి వాచ్‌మన్ నీళ్లు నమిలాడు. మొదటి మీటింగు రోజు ఆవిడ చేతిలో కాగితంతో గుమ్మం దగ్గర నిలబడిందట. కార్యదర్శి తలెత్తకుండానే, ఇంత ఆలస్యమైతే ఎలాగమ్మా, ఆ కాగితం ట్రేలో పెట్టి కూర్చుని మినిట్స్ రాయండి అన్నాడట. కూర్చుని రాసింది. వెళ్లేటప్పుడు, రేపు కూడా రండి అన్నాడట. వచ్చింది.

"తన సంగతి చెప్పుకుందామని రెండుసార్లు మీ గదిదాకా వచ్చింది సార్. ముందీ ఫైలు కానివ్వండి, తర్వాత చూద్దాం అన్నారట. మీరు పనిలో ఉన్నారులే అని తనే సర్దుకుంది."

తనన్న మాట ఆయనకు గుర్తుంది. వాచ్‌మన్ మొహంలోకి చూడలేకపోయాడు.

"ఆ కాగితంలో ఏముంది?"

"నాకు చెప్పలేదు సార్. ట్రేలోనే ఉందన్నయ్యా, సారు ఎప్పుడో ఒకప్పుడు చూస్తారు అనేది."

క్లర్కును కేకేసి ఆనాటి కాగితాల కట్ట తెప్పించాడు. ఒక్కొక్కటీ గబగబా తిప్పాడు. బయట హారన్ మోగితే వాచ్‌మన్ గేటు తీయడానికి పరిగెత్తాడు, తనిఖీవాళ్ల కారు లోపలికొచ్చి ఆగింది.

రోజూ మినిట్స్‌లో చూసే చేతిరాతే అడుగునున్న ఒక కాగితం మీద కనిపించింది.

ఊరు విడిచి పోలేనని, ఈ ఆఫీసులోనే ఏ చిన్న పనైనా ఇప్పించమని ఆవిడ పెట్టుకున్న అర్జీ అది. దాని కింద, ఆ మీటింగు మర్నాడు రాసిందెవరో పట్టించుకోకుండా ఆయనే ఎర్ర సిరాతో రాసి పడేసిన వాక్యం: 'ఇక్కడ ఈమెకు ఇవ్వడానికి పనేమీ లేదు.'