తిరుగు ప్రయాణంలో రికార్డయింది

చనిపోయిన తండ్రి ఆత్మను డర్బన్ ఆసుపత్రి నుంచి ఊరికి తీసుకెళ్తూ, ముళ్ల కొమ్మ పట్టుకుని వుసుముజీ నా చిన్న విమానం ఎక్కాడు. అతని పక్క సీటు తండ్రికి. వాళ్ల ఆచారంలో ఆత్మ ఆ కొమ్మ వెంటే వస్తుంది; నది దాటినప్పుడల్లా ఆయనకు చెప్పాలి, దిగేటప్పుడు రమ్మని పిలవాలి. "నాన్నా, తుగేలా నది దాటుతున్నాం," అన్నాడు హెడ్‌సెట్లో.

వాళ్ల ఊరు ఉలుండిలో దిగాక నేనే తొందరపెట్టాను. "త్వరగా దిగు తమ్ముడూ, చీకటి పడితే నేనెట్లా పోను?" పాపం, తండ్రిని పిలవకుండానే గబగబా దిగిపోయాడు.

డర్బన్‌కి ఒక్కణ్ణే తిరిగొచ్చాను. రాత్రి ఇంట్లో, ఎప్పట్లాగే, విమానంలో రికార్డయిన వీడియో పెట్టుకున్నాను. తిరుగు ప్రయాణంలో వెనక సీట్లు ఖాళీ. ఇంజిన్ హోరు తప్ప మరో చప్పుడు లేదు. తుగేలా మీదికి వచ్చేసరికి, హెడ్‌సెట్లో మాట్లాడినంత దగ్గరగా, ఓ ముసలి గొంతు అడిగింది:

"మళ్లీ ఇదే నది దాటుతున్నామేంటి, నాయనా?"