బల్లకు చోటు

"ఇల్లు మీ ఇష్టం. బల్ల మాత్రం నాది," అంది లెక్కల టీచర్.

ఆరో తరగతి పిల్లలు గళ్ల కాగితాల మీదికి వంగారు. ఇంటి పైకప్పు తీసేసి పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఎవరింటిని వాళ్లు గీయాలి. మంచాలు, బీరువాలు రంగు కాగితం ముక్కలుగా కత్తిరించి పెట్టుకోవాలి. ఆ తర్వాత టీచర్ ఇచ్చిన పసుపుపచ్చ ముక్కకు చోటు చూడాలి. అదొక రాత బల్ల. దాని సొరుగు పూర్తిగా తెరుచుకోవాలి, ముందు కుర్చీ పట్టాలి, తలుపులకు అడ్డం రాకూడదు.

పాఠం పక్కనపెట్టి బొమ్మలు వేయిస్తోందని స్టాఫ్‌రూమ్‌లో గుసగుసలున్నాయి. టీచర్ అవేవీ చెవిన పెట్టలేదు. ఒకరోజు చెప్పుల పెట్టె విప్పదీసి పరిచింది. ఇంకో రోజు మడిచిన కాగితానికి కత్తెర పెట్టి, విప్పితే ఎన్ని చిల్లులుంటాయో చెప్పమంది. నీళ్ల సీసాను నడినెత్తి నుంచి చూస్తే ఉత్త గుండ్రమేనని తెలిసిన రోజు, ఏదో దొంగతనం పట్టేసినట్టు క్లాసంతా సంబరపడింది.

ఈ రోజు మాత్రం టీచర్ ప్రాణమంతా రెండో బెంచీలో కూర్చున్న టైలర్ గారి అమ్మాయి మీదే ఉంది. మొన్నమొన్నటిదాకా బొమ్మలో ముందేదో పైనేదో తెలియక తికమకపడిన పిల్ల. పోయిన వారం వాళ్ల నాన్న మెడలో టేపుతోనే బడి గేటు దగ్గరికి వచ్చాడు.

"మీరేం చెప్పకండి. దానంతట అది చోటు చూపించాలి. లేకపోతే వదిలేద్దాం," అన్నాడు.

టీచర్ సరేనంది. అన్నదే గానీ, అప్పటి నుంచి ముద్ద దిగడం లేదు.

చివరి బెంచీ వాగుడుకాయ అందరికంటే ముందు ముగించాడు. వాళ్లన్న మంచం పీకేసి అక్కడ బల్ల వేశాడు.

"మరి మీ అన్న ఎక్కడ పడుకుంటాడ్రా?"

"బల్ల కింద, టీచర్. వాడికది చాలు."

అన్నను కూడా ఒప్పించి రమ్మని టీచర్ కాగితం తిరిగిచ్చేసింది. ఇంకో అమ్మాయి బల్లను స్నానాలగదిలో పెట్టి, తడిస్తే ఆరబెట్టుకుంటామంది.

టైలర్ గారి అమ్మాయి పసుపు ముక్కను వసారాలో పెట్టి తీసేసింది. వంటగది గుమ్మం దగ్గర పెడితే తలుపు తెరుచుకోలేదు. కుట్టు మిషన్ పక్కన ఇరికిస్తే కుర్చీ పట్టలేదు.

"మా ఇంట్లో పట్టదు టీచర్. నాన్నా నేనే ఎలాగో సర్దుకుంటున్నాం," అంది.

టీచర్ మొహం చిన్నబోయింది. కాగితం తిప్పి చూడమని చెప్పబోయి, ఇచ్చిన మాట గుర్తొచ్చి నోరు మూసుకుంది. పక్క బెంచీ మీది కాగితంలో లేని తప్పులు వెతుకుతూ నిలబడింది. కాసేపట్లో గంట కొడతారు. పోనీలే అనుకుందామని చూసింది గానీ మనసు ఒప్పలేదు.

ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల కాగితాన్ని గిర్రున తిప్పింది. గదిలో కిటికీ కింద తన మంచం ఉంది. అలిగి, అన్నం మానేసి సంపాదించుకున్న చోటది. అక్కడ నాన్ననైనా కూర్చోనివ్వదు. గోరు కొరుకుతూ దాన్నే చూసింది. చివరికి మంచం ముక్కను ఊడబీకి, ఎదుటి గోడ వారగా నిలువుగా వేసింది. కిటికీ కింద పసుపు ముక్క పెట్టి, లేని సొరుగును వేలితో లాగి చూసుకుంది. కుర్చీ పట్టింది. తలుపూ తెరుచుకుంది. ఇక మార్చేది లేదన్నట్టు జిగురు రాసి అతికించేసింది.

అంత ఇష్టమైన చోటు ఎందుకిచ్చేశావని టీచర్ అడిగింది.

"కూర్చుని పేపర్లు దిద్దాలంటే వెలుతురుండాలి కదా. ఆదివారం నాన్న కూడా ఆ కిటికీ గోడే కొలిచాడు. నేను రాగానే టేపు వెనక్కి దాచేశాడు. నాన్నకు దాచడం రాదు."

టీచర్ కళ్లజోడు తీసి తుడుచుకోసాగింది. పిల్ల జిగురు వేళ్లు యూనిఫారానికి రాసుకుని, అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది:

"మా ఇంటికి వచ్చేశాక కూడా మిమ్మల్ని టీచర్ అనే పిలవాలా?"